ర్యాంపు అని రాస్తే సరిపోదు, ఎన్ని మీటర్లో రాయాలి

ఈ నెల పాఠకుల ప్రశ్నల పేజీలను పార్కుల్లో నడక దారులకే ఇచ్చాం. వీల్‌చైర్, మూడు చక్రాల బండి, చేతికర్ర, ఊతకర్రలు వాడేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి రాసిన ఉత్తరాలివి. ఒకే విషయం మీద వచ్చినవాటిని ఒక్కటిగా కలిపాం.

ప్రశ్న: మా నాయనకు పక్షవాతం వచ్చి వీల్‌చైర్‌లోనే ఉన్నడు. ఇంటి దగ్గరి పార్కు గేటుకు మూడు మెట్లున్నయి. ర్యాంపు కట్టమని దరఖాస్తు పెట్టినం, కట్టిండ్రు. కానీ ఇద్దరం పట్టుకున్నా కుర్చీ వెనక్కి జారుతోంది. మళ్లీ ఎట్ల అడగాలె?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: దరఖాస్తులో "ర్యాంపు" అని మాత్రమే ఉంటే ఎస్టిమేట్‌లోనూ అంతే పడుతుంది. మేస్త్రీ మెట్ల మీదే కాంక్రీటు పోసి నున్నగా మెత్తి వెళ్లిపోతాడు. మీ రెండో దరఖాస్తు పొడవుతో మొదలుపెట్టండి.

లెక్క ఇదీ: ఎత్తు ఎంతో, పొడవు దానికి కనీసం 12 రెట్లు ఉండాలి. 2016 జాతీయ భవన నియమావళి, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021 సార్వత్రిక సౌలభ్య ప్రమాణాలు రెండూ ఒప్పుకునే గరిష్ఠ వాలు ఇదే. ఒక్కో మెట్టు 15 సెం.మీ. అనుకుంటే మూడు మెట్లకు 45 సెం.మీ. ఎత్తు. 12 రెట్లు వేస్తే 5.4 మీటర్లు. పైన గేటు ముందు 1.5 మీటర్ల చదును, కింద కుర్చీ తిప్పుకోవడానికి మరో 1.5 మీటర్ల చదును. మొత్తం 8.4 మీటర్ల జాగా కావాలి. మెట్లున్నంత మేరే, అంటే మీటరున్నరలో పోసేస్తే వాలు 1కి 3 చిల్లర అవుతుంది. మీ నాయన కుర్చీ జారేది అందుకే.

1కి 12 కూడా గరిష్ఠమే, హాయిగా ఎక్కే వాలు కాదు. చక్రాలు తనే తిప్పుకుంటూ వెళ్లే మనిషికి 1కి 15 మేలు, 1కి 20 ఇంకా మేలు. 1కి 20 వాలు ఉన్నదాన్ని మామూలు నడక దారిగానే లెక్కిస్తారు, రెయిలింగ్ తప్పనిసరి కాదు. మీ 45 సెం.మీ.కు 9 మీటర్లు పడుతుంది. రోడ్డు వైపు అంత జాగా దొరకదు కానీ పార్కు లోపల దొరుకుతుంది. గేటును రోడ్డు మట్టానికి దించి, ఎక్కుడును లోపలి దారిలోకి మార్చమని అడగవచ్చు. రెయిలింగ్ ఖర్చు తప్పుతుంది కాబట్టి ఎస్టిమేటు రాసే ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కూడా ఇది నచ్చే అవకాశం ఉంది. ఒక్కటి చూసుకోవాలి: చాలాచోట్ల ఆ మెట్లు గేటు ముందున్న మోరీ మీది బండ వల్ల వచ్చినవే. బండ తీసి ఇనుప జాలీ వేస్తే ఎత్తు సగం తగ్గవచ్చు. జాలీ సందు 12 మి.మీ.కు మించకూడదు. కడ్డీలు నడిచే దిశకు అడ్డంగా ఉండాలి. అదే దిశలో ఉంటే కుర్చీ ముందు చక్రం అందులో దిగి ఇరుక్కుంటుంది, మనిషి ముందుకు పడతాడు.

వాలు కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు. మీటరు పొడవున్న తిన్నని అల్యూమినియం పట్టీ, మేస్త్రీల దగ్గరుండే రసమట్టం, టేపు చాలు. పట్టీ ఒక కొస ర్యాంపు పైవైపు ఆనించండి. దాని మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా కిందివైపు కొసను లేపండి. ఆ కొసకూ నేలకూ మధ్య ఎంతుందో చూడండి. 8.3 సెం.మీ. ఉంటే 1కి 12. 5 ఉంటే 1కి 20. 15 దాటితే ఫొటో తీసి దరఖాస్తుకు జోడించండి. ఫోన్‌లో కొలిచేవాళ్లు డిగ్రీలకూ శాతానికీ తేడా గమనించాలి. 1కి 12 అంటే 8.3 శాతం, డిగ్రీల్లో 4.8 మాత్రమే. "8 ఉంది, సరిపోయింది" అని డిగ్రీలు చూసి ఒప్పుకుంటే 1కి 7 వాలును ఒప్పుకున్నట్టే.

ఇవి కూడా అదే కాగితంలో రాయండి. వెడల్పు లోపలి కొలత 1.2 మీటర్లు, వీలైతే 1.5. రెండు వైపులా రెయిలింగ్, 76 సెం.మీ. ఎత్తులో ఒక పైపు, 90లో ఇంకొకటి. పైపు మందం 38 నుంచి 45 మి.మీ.; ర్యాంపు మొదలుకు, చివరకు 30 సెం.మీ. బయటిదాకా పైపు సాగాలి. పక్కన గోడ ఉంటే పైపుకూ గోడకూ మధ్య 5 సెం.మీ. సందు. అంచున కనీసం 7.5 సెం.మీ. గట్టు, లేకపోతే చక్రమో ఊతకర్రో పక్కకు జారుతుంది. ఎత్తు 75 సెం.మీ. దాటితే మధ్యలో ఒక చదును. పైభాగం తడిమీదే చీపురుతో అడ్డగీతలు గీసిన కాంక్రీటు అయి ఉండాలి. పాలిష్ చేసిన గ్రానైటు, పాలిష్ తాండూరు బండ వద్దే వద్దు. అవి చూడ్డానికి బాగుంటాయి, మొదటి వానకే మనిషిని పడేస్తాయి.

ర్యాంపు కింది అంచు ఎప్పుడూ ముందు విరుగుతుంది, ఎందుకంటే అక్కడ కాంక్రీటు పలచనై సున్నాకు వస్తుంది. నేలను 10 సెం.మీ. లోతు తవ్వి ఆ అంచును లోపలికి దింపి పోయాలి. ఇది చేయనిచోట ఆరు నెలల్లోనే రెండు వేళ్ల ఎత్తు పెచ్చు లేస్తుంది.

ప్రశ్న: మా పార్కు గేటు కాడ బైకులు రాకుండ ఇనుప పైపులు పాతిండ్రు. బైకులు ఎట్లనో దూరి వస్తనే ఉన్నయి. నా మూడు చక్రాల బండి మాత్రం పోతలేదు. ఎంత సందు అడగాలె?
– ఒక పాఠకుడు, నారాయణపేట జిల్లా

జవాబు: మీరు రాసినదే ఈ సమస్య మొత్తం. బైకు హ్యాండిల్ వెడల్పు ఇంచుమించు 70–80 సెం.మీ. వీల్‌చైర్ వెడల్పు 65–70, చక్రం తిప్పే చేతులతో కలిపి 80 దాటుతుంది. అంటే వెడల్పును బట్టి బైకును ఆపి కుర్చీని పంపే సందంటూ లేదు. ఆ సందు కోసం వెతకడమే దండగ. పైపులతో కట్టిన వంకర దారి, ఒక్కరొక్కరే వెళ్లే తిరుగుడు గేటు కూడా ఇదే పని చేస్తాయి, వీల్‌చైర్, మూడు చక్రాల బండి వాడేవాళ్లను బయటే ఆపేస్తాయి.

నిలిచే పరిష్కారం పక్కన వేరే చిన్న గేటు. వెడల్పు కనీసం 90 సెం.మీ. అని ప్రమాణం. అది వీల్‌చైర్‌ను బట్టి పెట్టింది. మన ఊళ్లలో వీల్‌చైర్ల కంటే చేతితో తిప్పే ట్రైసైకిళ్లు, బ్యాటరీ బండ్లు ఎక్కువ కాబట్టి 120 అడగండి. ట్రైసైకిల్ పొడవు ఎక్కువ, వీల్‌చైర్‌లా మీటరున్నర వలయంలో తిరగదు. మీ బండి వెడల్పు, పొడవు, పూర్తిగా తిరగడానికి పట్టే జాగా కొలిచి దరఖాస్తులో రాయండి. "ఈ బండి ఈ గేటులోంచి వెళ్లాలి" అన్న వాక్యానికి వంక పెట్టడం కష్టం.

గేటు గడియ 80 నుంచి 100 సెం.మీ. ఎత్తులో, పిడికిలితో నెడితే తెరుచుకునేలా ఉండాలి. తాళం వేసి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టడం వద్దని స్పష్టంగా రాయండి. వాచ్‌మన్ టీకి వెళ్లిన గంటలో పార్కు మీకు మూసినట్టే. బైకుల సంగతికి పార్కు వేళల్లో మనిషిని పెట్టడం, కెమెరా, జరిమానా బోర్డు ఉన్నాయి. అది నిఘా పని, దాన్ని పైపులకు అప్పగించకూడదు.

పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద వచ్చేవాళ్ల కోసం గేటుకు 30 మీటర్ల లోపు పార్కింగ్ గుర్తు వేయించమని కూడా అడగండి. కారుకైతే 3.6 మీటర్ల వెడల్పు.

ప్రశ్న: దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి? ఎలా రాయాలి? నాకు సదరం సర్టిఫికెట్ లేదు, మోకాళ్లు అరిగి వాకర్ పట్టుకుని నడుస్తాను. నేను అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అడగవచ్చు. పింఛనుకు, రాయితీలకు సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కావాలి గానీ నడక దారి బాగు చేయమనడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఉన్నవాళ్లు నకలు జతచేస్తే మంచిదే.

ముందు పార్కు ఎవరిదో తేల్చుకోండి, సగం దరఖాస్తులు ఇక్కడే దారి తప్పుతున్నాయి. పట్టణంలోని కాలనీ పార్కులు మునిసిపాలిటీవి లేదా కార్పొరేషన్‌వి. కమిషనర్ పేర రాయాలి. మహబూబ్‌నగర్ దగ్గర అప్పన్నపల్లిలో ఉన్న ఎకో పార్కులాంటి అర్బన్ ఫారెస్ట్ పార్కులు అటవీ శాఖవి. జిల్లా అటవీ అధికారి పేర రాయాలి. చెరువు కట్టల మీది నడక దారులకు నీటిపారుదల శాఖ, మునిసిపాలిటీ రెండింటితోనూ పని పడుతుంది, రెండు చోట్లా ఇవ్వండి. పల్లె ప్రకృతి వనాలు పంచాయతీవి. గేటు పక్కన శంకుస్థాపన ఫలకం మీద నిధుల పద్దు, శాఖ పేరు ఉంటాయి, దాని ఫొటో తీసుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ కేంద్రం పట్టణ సౌకర్యాల కోసం తెచ్చిన 2015 అమృత్ పథకంలో ఉన్న పట్టణాలు. ఆ డబ్బుతో చేసిన పార్కయితే దాని ప్లాను, ఎస్టిమేటు ఫైలు ఇంజినీరింగ్ విభాగంలో ఉండాలి.

తర్వాత టేపు పట్టుకుని నడవండి. గేటు నుంచి మొదలుపెట్టి దారి, బెంచీ, తాగునీళ్ల నల్లా, టాయిలెట్ దాకా. మధ్యలో ఒక్కచోట తెగినా మిగతాదంతా వృథా. అందమైన ర్యాంపు ఎక్కి లోపలికి వెళ్లాక టాయిలెట్ ముందు మెట్టుంటే ఆ మనిషి అరగంటకు మించి పార్కులో ఉండలేడు. అందుకే దరఖాస్తు ఒక్క ర్యాంపు కోసం కాకుండా ఒక పూర్తి మార్గం కోసం రాయాలి. పార్కంతా ఒకేసారి అడగకండి, "నిధులు లేవు" అని వెనక్కి వస్తుంది. ఒక గేటు, ఒక చుట్టు, ఒక టాయిలెట్ అడగండి.

నమూనా ఇస్తున్నాం. కొలతలు మీ పార్కువి వేసుకోండి.

*విషయం: పార్కు తూర్పు గేటు నుంచి టాయిలెట్ వరకు నడక దారిలో నాలుగు చోట్ల మార్పులు చేయాలని వినతి.*

*1. తూర్పు గేటు: పైపుల మధ్య సందు 55 సెం.మీ. ఉంది. పక్కన తాళం లేని 120 సెం.మీ. గేటు కావాలి. (ఫొటో 1)*

*2. గేటు లోపల 6 మీటర్ల దూరంలో మోరీ జాలీ: సందు 4 సెం.మీ., కడ్డీలు నడిచే దిశలో ఉన్నాయి. 12 మి.మీ.కు మించని సందుతో, అడ్డకడ్డీలతో మార్చాలి. (ఫొటో 2)*

*3. వేపచెట్టు దగ్గర 2 మీటర్ల మేర టైల్స్ 5 సెం.మీ. లేచాయి. తీసి సమంగా పరచాలి. (ఫొటో 3)*

*4. టాయిలెట్ ముందు మెట్టు 18 సెం.మీ. ఎత్తుంది. 2.16 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పుతో 1కి 12 వాలు ర్యాంపు, తలుపు ముందు 1.5 మీటర్ల చదును కావాలి. (ఫొటో 4)*

*పై పనులకు ఎస్టిమేటు తయారుచేయించి, ఎస్టిమేటు నకలు ఇప్పించగలరు. స్థల పరిశీలనకు వచ్చే రోజు తెలియజేస్తే మేము హాజరవుతాము.*

చివరి రెండు వాక్యాలు వదిలేయకండి. ఏఈ వచ్చిన రోజు వీల్‌చైర్ వాడే మనిషి అక్కడ ఉండి ఒకసారి ఆ దారిలో వెళ్లి చూపిస్తే, కాగితం మీద అర్థం కానిది కళ్లకు కడుతుంది. ప్రతి ఫొటోలో టేపు అంకెలు కనిపించాలి.

దరఖాస్తు ఇన్‌వర్డ్‌లో ఇచ్చి మీ నకలు మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. అధికారి చేతికే ఇచ్చి నంబరు లేకుండా వస్తే ఆ కాగితం లేనట్టే. ఒక నకలు జిల్లా సంక్షేమ అధికారికి, ఒకటి మీ వార్డు ప్రతినిధికి ఇవ్వండి. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం కింద ప్రతి వార్డుకూ నాలుగు వార్డు కమిటీలు ఉండాలి, వాటిలో ఒకటి వయోవృద్ధులది. మీ వార్డులో అది పనిచేస్తుంటే దాని సంతకాలు మంచి బలం. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అదే దరఖాస్తును పాత ఇన్‌వర్డ్ నంబరు వేసి ఇవ్వండి. కేంద్రం 2021లో తెచ్చిన సుగమ్య భారత్ యాప్‌లోనూ ఫొటోతో ఫిర్యాదు పెట్టవచ్చు, కానీ దాన్ని కాగితానికి తోడుగానే వాడండి.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. బడ్జెట్ లెక్కలు వేసే డిసెంబరు, జనవరి నెలలకు మీ కాగితం ఇంజినీరింగ్ సెక్షన్ టేబుల్ మీద ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: "పార్కు బిల్డింగు కాదు, వికలాంగుల చట్టం దీనికి వర్తించదు" అని మా దరఖాస్తు మీద నోటిమాటగా చెప్పి పంపించారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: నిజం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రజా భవనం, ప్రజా సౌకర్యాలు అన్న నిర్వచనాలు రెండింటిలోనూ వినోదం, విశ్రాంతి కోసం వాడేవి ఉన్నాయి. సెక్షన్ 40 పట్టణాల్లోనూ గ్రామాల్లోనూ ప్రజలకు ఇచ్చే సౌకర్యాలకు సౌలభ్య ప్రమాణాలు పెట్టమంటుంది. సెక్షన్ 45 ఉన్న ప్రజా భవనాలను మార్చడానికి నిబంధనలు వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. నిబంధనలు 2017 జూన్ 15న వచ్చాయి, అంటే 2022 జూన్‌తోనే గడువు తీరింది. ఆ నిబంధనల్లోని 15వది ప్రమాణాలను కేవలం సిఫారసుల్లా మార్చేసిందని, అది చట్టానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో తేల్చింది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలను విడదీసి మూడు నెలల్లో నిబంధనలు చేయమని కేంద్రానికి చెప్పింది. "మార్గదర్శకాలే కదా, పాటించకపోయినా ఫర్వాలేదు" అనే మాట ఇక నిలవదు.

నోటిమాటకు విలువ లేదు. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మునిసిపల్ ఆఫీసులో రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే ఉచితం, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబివ్వాల్సిన పనిలేదంటారు. కాగితాలు అడగండి: ఫలానా తేదీ, ఫలానా నంబరు దరఖాస్తు మీద రాసిన నోట్ ఫైలు నకలు, ఈ పార్కులో గత మూడేళ్ల పనుల ఎస్టిమేట్లు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, ఆ పనుల్లో వికలాంగుల సౌకర్యాలకు పెట్టిన ఐటమ్‌లు. సమాచార హక్కు దరఖాస్తుకు ఇంకో సౌలభ్యం ఉంది. తప్పు ఆఫీసుకు ఇచ్చినా ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు పంపడం వాళ్ల బాధ్యత. మామూలు దరఖాస్తుకు అలా జరగదు.

ఆ కాగితాలు చేతికొచ్చాక హైదరాబాద్‌లోని రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. వకీలు అక్కర్లేదు. దరఖాస్తు, ముద్ర వేసిన నకలు, ఫొటోలు, తేదీల వరస, ఏం కావాలో ఒక్క పేరా. విచారణలో సాక్షులను, పత్రాలను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు కమిషనర్‌కు ఉన్నాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సెక్షన్ 81 ప్రకారం ఆ శాఖ మూడు నెలల్లో పని చేసి తెలపాలి, లేదా ఎందుకు ఒప్పుకోలేదో కారణం చెప్పాలి.

సెక్షన్ 89లో జరిమానాలున్నాయి: మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆపైన 50,000 నుంచి 5 లక్షల వరకు. వాటిని మొదటి దరఖాస్తులోనే రాయవద్దని మా సలహా. మీ ఎస్టిమేటు రాయాల్సింది ఆ ఏఈనే. మొదట కొలతలు మాట్లాడాలి, సెక్షన్లు తర్వాత.

ప్రశ్న: మా కాలనీ పార్కులో దారికి ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేసి రెండేళ్లు కాలేదు. కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. ఊతకర్రలతో నడిచేవాళ్లకు నరకంగా ఉంది. మళ్లీ అవే టైల్స్ వేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?
– ఒక పాఠకుడు, వనపర్తి జిల్లా

జవాబు: ఒప్పుకోవచ్చు, కింద ఏం వేస్తారో రాయించుకుంటే. తప్పు టైల్‌ది కావడం అరుదు. కుంగడానికి, లేవడానికి కారణాలు వేరు.

కుంగిందంటే ఒకటి అడుగు సరిగా గట్టిపడలేదు, లేదా పక్క అంచుకు కెర్బ్ (అంచు రాయి) లేదు. కెర్బ్ లేనిచోట వాన నీళ్లు కింది ఇసుకను పక్కకు లాగేస్తాయి, అంచు టైల్స్ ముందు జారుతాయి, తర్వాత మధ్యవి. నడక దారికి సరిపోయే పొరలు: నేలను తవ్వి దిమ్మిస వేయాలి, పైన 10 సెం.మీ. కంకర డస్టు కలిపి రోలర్‌తో తొక్కించాలి, దాని మీద 3 సెం.మీ. ఇసుక, ఆపైన 6 సెం.మీ. మందం టైల్, రెండు పక్కలా కాంక్రీటులో కూర్చోబెట్టిన కెర్బ్. ఇసుక పొర మందంగా వేసి ఎగుడుదిగుళ్లు దానితో సర్దేస్తే అదే మళ్లీ కుంగుతుంది. నల్లరేగడి నేలయితే ఇది కూడా చాలదు. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. కనీసం 30 సెం.మీ. తీసేసి మొరంతో నింపాకే పైపొరలు.

లేచిందంటే వేర్లు. దారి పక్కన కోనోకార్పస్, రావి, మర్రి ఉంటే ఏ టైలూ ఆగదు. చెట్టు కొట్టేయమని మాత్రం అడగకండి. నీడ పోతే మే నెలలో ఆ దారి ఎవరికీ పనికిరాదు, పైగా చెట్టు నరకడానికి 2002 నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. దారినే మీటరో రెండు మీటర్లో పక్కకు వంచడం నయం. వంచే జాగా లేకపోతే వేరు మీదుగా దారిని 1కి 20 వాలుతో మెల్లగా ఎత్తి దించవచ్చు. మొదలు చుట్టూ 1.2 మీటర్ల చదరం మట్టి వదలాలి.

ఎక్కడైనా రెండు టైల్స్ మధ్య ఎత్తు తేడా 12 మి.మీ. దాటకూడదు. చిటికెన వేలి మందం అనుకోండి. అంతకు మించితే ఊతకర్ర తగులుతుంది, వీల్‌చైర్ చిన్న చక్రం ఆగుతుంది. దారి అడ్డవాలు మీటరుకు 2 సెం.మీ. లోపు ఉండాలి. నీళ్లు పోవాలని 5 సెం.మీ. పెడితే కుర్చీ పొడవునా పక్కకు లాగుతూ ఉంటుంది, ఒక చేయి నొప్పెడుతుంది. వెడల్పు 1.8 మీటర్లు ఉంటే రెండు కుర్చీలు ఎదురెదురుగా దాటుకుంటాయి. చిన్న అడ్డంకి ఉన్నచోట 1.2 వరకు తగ్గవచ్చు.

ప్రశ్న: నాకు చూపు లేదు. మా పార్కులో పసుపు రంగు గుర్తు టైల్స్ వేశారు. వాటిని పట్టుకుని పోతే కరెంటు స్తంభానికి తగిలాను. వీటివల్ల ఉపయోగం ఉందా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఉంది, అర్థం తెలిసినవాళ్లు వేస్తే. పొడవు గీతల టైల్ "ఇటు నడువు" అని చెబుతుంది. చుక్కల టైల్ "ఆగు, ముందు మెట్టో మలుపో అడ్డమో ఉంది" అంటుంది. చాలాచోట్ల దుకాణంలో దొరికిన చుక్కల టైల్సే దారి పొడవునా పరుస్తారు. అప్పుడు అడుగడుగునా "ఆగు" అన్నట్టే, దేనికీ అర్థం ఉండదు. దరఖాస్తులో ఇలా రాయండి: గీతల టైల్ వరసకు రెండు పక్కలా 60 సెం.మీ. లోపు స్తంభం, చెట్టు, బెంచీ ఉండకూడదు. చుక్కల టైల్స్ మెట్లకు, ర్యాంపులకు 30 సెం.మీ. ముందు ఉండాలి. రంగు పక్క నేలకు పూర్తి తేడాగా ఉండాలి. ఉన్న వరసలో అడ్డం వచ్చిన స్తంభం కదలదు కాబట్టి వరసనే మార్చాలి, అది తక్కువ ఖర్చు పని.

పార్కు అంతటా టైల్స్ కావాలని పట్టుబట్టనక్కర్లేదు. దారికి ఒక పక్క తెగకుండా 10 సెం.మీ. గట్టు ఉంటే చేతికర్రకు అదే దారి చూపుతుంది. తలెత్తులో ఉన్నవి ఎక్కువ దెబ్బతీస్తాయి: కొమ్మలు, బోర్డులు నేల నుంచి 2.1 మీటర్ల లోపు దారిలోకి రాకూడదు. ఓపెన్ జిమ్ పరికరాల ఊగే చేతులు దారి మీదికి వస్తున్నాయేమో చూపించండి. వాటి కింద కర్రకు ఏమీ తగలదు, దెబ్బ నేరుగా మనిషికే తగులుతుంది. వాటిని కదపడం సాధ్యం కాకపోతే చుట్టూ గట్టు కట్టాలి.

ప్రశ్న: ఫ్లోరోసిస్‌తో నడుములు వంగని, మోకాళ్లు ముడవని పెద్దలు మా దగ్గర చాలామంది. పార్కులో బండ బెంచీల మీద కూర్చుంటే లేవలేరు. ఏం అడగాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: బెంచీ ఎత్తు 45 నుంచి 50 సెం.మీ., వెనక ఆనుకునే పలక, రెండు పక్కలా చేతులు ఆనించి లేవడానికి పట్టీలు. వెన్ను బిగుసుకున్న మనిషి కాళ్ల బలంతో లేవడు, చేతుల బలంతో లేస్తాడు. అందుకే ఆ పట్టీలు మిగతా అన్నిటికంటే ముఖ్యం. ప్రతి 30 మీటర్లకు ఒకటి, నీడలో, దారి అంచు నుంచి లోపలికి జరిపి ఉండాలి. ఒక పక్క 90 సెం.మీ. వెడల్పు, 1.2 మీటర్ల పొడవు చదును వదిలితే వీల్‌చైర్ మనిషి కూడా పక్కనే కూర్చుని మాట్లాడుకోవచ్చు. బెంచీలు దాతలు ఇస్తుంటారు కాబట్టి ఈ కొలతలు మునిసిపాలిటీతో పాటు దాతలకూ ఇవ్వండి. ఫ్లోరోసిస్ పెద్దలు ఉన్న ప్రాంతంలో టాయిలెట్‌లో ఒక్కటైనా కుర్చీ కమోడ్, పక్కన పట్టుకునే కడ్డీ, బయటికి తెరుచుకునే 90 సెం.మీ. తలుపు ఉండాలి.

ప్రశ్న: మా ఊరి పల్లె ప్రకృతి వనంలో దారి ఉత్త మట్టి. వానకాలం చక్రం దిగబడుతుంది. సిమెంటు దారికి పైసలు లేవంటున్నారు.
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: సిమెంటు దారి అక్కర్లేదు. 10 సెం.మీ. కంకర పరిచి తొక్కించి, పైన 7 సెం.మీ. క్రషర్ డస్టు తడిపి రోలర్ తిప్పితే గట్టి దారి వస్తుంది. డస్టులో బరువులో ఇరవయ్యో వంతు సిమెంటు కలిపితే ఇంకా నిలుస్తుంది. ఉత్త మొరం వద్దు. ఎండలో బాగుండి, వానకు మెత్తబడి చాళ్లు పడుతుంది. ఎగువ వైపు చిన్న కాలువ తవ్వకపోతే ఏ దారైనా ఒక్క వానకాలంలో కొట్టుకుపోతుంది. వనమంతా కాకుండా గేటు నుంచి ఒక చుట్టు, 1.5 మీటర్ల వెడల్పుతో అడగండి. మొక్కల వరసలు దగ్గరగా ఉండి మూలల్లో కుర్చీ తిరగకపోతే ఆ మూలల్లో నాలుగైదు మొక్కలు జరిపితే చాలు.

పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చి గ్రామసభలో తీర్మానం రాయించండి. తీర్మానంలో పొడవు, వెడల్పు, పొరల మందం ఉండాలి. "దారి బాగు చేయుటకు" అని రాస్తే మళ్లీ మొరమే వస్తుంది. పంచాయతీలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు.

ప్రశ్న: మా దరఖాస్తు మీద పని మంజూరైంది, కాంట్రాక్టర్ వచ్చాడు. బాగా జరిగేలా మేమేం చూడాలి?
– కొందరు పాఠకులు, సూర్యాపేట జిల్లా

జవాబు: పోశాక చూడటం కాదు, పోయకముందు చూడండి. ర్యాంపుకు చెక్కలు బిగించిన రోజు సాయంత్రం వెళ్లి పైచెక్క, కింది చెక్క మధ్య ఎత్తు తేడా, పొడవు కొలవండి. పొడవును ఎత్తుతో భాగిస్తే 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి. అప్పుడు చెక్క జరపడం పది నిమిషాల పని. కాంక్రీటు గట్టిపడ్డాక ఎవరూ పగలగొట్టరు. తేడా ఉంటే మేస్త్రీతో వాదించకండి, ఏఈకి ఫోన్‌లో ఫొటో పంపండి. ఎస్టిమేటు నకలు మీ చేతిలో ఉంటే మాట నిలుస్తుంది.

చదునుల మీద ప్రత్యేకంగా చూపు పెట్టండి. జాగా చాలనప్పుడు మొదట కోతపడేది అవే. గేటు ముందు చదును లేకపోతే కుర్చీ మనిషి వాలు మీద నిలబడి గేటు తెరవాలి, రెండు చేతులూ చక్రాలకే సరిపోతాయి. రెయిలింగ్ బిగించాక ఇద్దరు పట్టుకుని ఊపి చూడండి. వెల్డింగ్ చేసిన అంచులు చేతికి గీసుకుంటే అరగదీయించండి. పైపును స్టీలు మెరుపుతో వదిలేస్తే మన ఎండల్లో చేయి కాలుతుంది, లేతరంగు పెయింటు వేయించండి.

పని అయ్యాక దారి మీద బకెట్ నీళ్లు పోయండి. నిలిచినచోట సుద్దతో గీత గీసి, టేపు పెట్టి ఫొటో తీయండి. రసమట్టంతో మూడుచోట్ల వాలు కొలవండి. వీల్‌చైర్ వాడే ఒకరు, ట్రైసైకిల్ వాడే ఒకరు, చేతికర్రతో నడిచే ఒకరు ఎవరి సాయం లేకుండా గేటు నుంచి టాయిలెట్ దాకా వెళ్లి రావాలి. ఎక్కడ ఆగారో అది రాసి, ఫైనల్ బిల్లు కాకముందే ఇన్‌వర్డ్ నంబరుతో కమిషనర్‌కు ఇవ్వండి. బిల్లు అయిపోయి ఉంటే ఒప్పందంలోని డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎన్నాళ్లో అడగండి. ఆ గడువులోపు కుంగినవి, పగిలినవి కాంట్రాక్టర్ తన ఖర్చుతోనే సరిచేయాలి. గడువు తేదీ రాసి పెట్టుకుని, దానికి నెల ముందు ఇంకోసారి టేపుతో ఆ దారి నడవండి.